గిన్నెల ప్రస్తావన

ఫిబ్రవరి 3, సోమవారం

ఈ రోజు జడ్జిగారు నా చేత "వెధవ" అని మూడుసార్లు చదివించారు. మొదటిసారి నాకే వినపడనంత మెల్లగా చదివాను. రెండోసారి దీర్ఘం ఎక్కువైందట. "నివేదికలో ఉన్నది ఉన్నట్టు చదవండి, మీ అభినయం కలపకండి" అన్నారు. కోర్టులో ఉన్నన్నాళ్ళూ ఆయన ఎన్ని తిట్లు వినలేదు. రిటైరయ్యాక మా ఫుట్‌బాల్ సమాఖ్య క్రమశిక్షణ కమిటీకి అధ్యక్షుడై, మిగిలినవి నా నోటి వెంట వింటున్నారు.

తప్పు నాదే. ఈ నిబంధన రాసింది నేను. అంతకుముందు రిఫరీలు "ప్రేక్షకుడు అసభ్యంగా మాట్లాడాడు" అని ముక్తసరిగా రాసి పంపేవారు. ఏమన్నాడయ్యా అంటే చెప్పడానికి సిగ్గు. ఆ ప్రేక్షకుడు వచ్చి, నేను బాగున్నారా అని అడిగానండీ అని తప్పించుకుపోయేవాడు. అందుకని అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా రాయాలని, విచారణలో కార్యదర్శి వాటిని పైకి చదవాలని పెట్టాను. ఆ కార్యదర్శిని నేనేనన్న సంగతి అప్పటి ఊపులో తట్టలేదు.

కమిటీలో మూడో మనిషి గోల్‌కీపర్. ఒకప్పటి గోల్‌కీపర్. ఇప్పటికీ ఎవరైనా పెన్ను అందిస్తే రెండు చేతులతో అందుకుంటాడు. నేను చదువుతున్నంతసేపూ బల్ల కింద ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ నవ్వుకున్నాడు.

విచారణ సంగతులు ఇంట్లో చెప్పకూడదు. అందుకే ఈ డైరీ. లేకపోతే నాకు కడుపుబ్బరం.

మా ఇంట్లో మాత్రం మర్యాదకి లోటు లేదు. అత్తయ్య నోట్లో నాలుక లేని మనిషి. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఒక్క మాట తూలలేదు. ఈ సాయంత్రం ఫ్రిజ్ మీద కొత్త చీటీ అంటించాను: "తెరిచిన తలుపు వెంటనే మూయాలి." చదివి, "అలాగేనమ్మా" అన్నారు. అంతే. ఆవిడ తుడిచిన గిన్నెలు నేను ఇంకోసారి తుడిచి సర్దాను. కళ్ళు సరిగ్గా ఆనవు పాపం. కళ్ళజోడేమో టీవీ పక్కన పడేస్తారు, నేను తీసి దాని డబ్బాలో పెడుతుంటాను. ఇల్లంటే ఇలా ఉండాలి.

ఫిబ్రవరి 8, శనివారం

అత్తయ్య ఆటకి వెళ్ళారు. నా ఉద్యోగం పుణ్యమా అని కుటుంబానికో పాసు ఇస్తారు, అది ఆవిడదే. మామయ్య పోయిన దగ్గర్నుంచి ఒక్క శనివారం కూడా మానలేదు. అక్కడికెళ్ళి ఏం చూస్తారో, కాస్త గాలికి కూర్చుంటారనుకుంటాను.

నేనెప్పుడూ వెళ్ళలేదు. బంతి గుండ్రంగా ఉంటుందని తప్ప నాకు ఆట గురించి ఏమీ తెలియదు. నాకిష్టమైంది నిబంధనలు. ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు ఆగాలో ముందే రాసిపెట్టి ఉండటంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖం మా ఆయనకి అర్థం కాదు. ఆయన పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం జనాన్ని నోరు తెరవమంటారు, ఇంటికొచ్చి తన నోరు మూసుకుంటారు.

అత్తయ్య గొంతు బొంగురుపోయి వచ్చారు. చల్లగాలి తగిలినట్టుంది. "బయటికి వెళ్ళేటప్పుడు మెడకి గుడ్డ చుట్టుకోవాలి" అని రాసి ఆవిడ గది తలుపుకి అంటించాను. మనుషుల్ని పట్టించుకోను అంటారు గానీ, ఇంతకన్నా ఎవరు పట్టించుకుంటారు.

ఫిబ్రవరి 11, మంగళవారం

పొడుగు రిఫరీ నుంచి నివేదిక వచ్చింది. వారమంతా బడిలో లెక్కలు చెప్పి శనివారాలు ఈల ఊదే మనిషి, ఎవరి జోలికీ పోడు. సమాఖ్య ఈ ఏడాది "మైదానంలో మర్యాద" అని ఊరంతా గోడలకి అంటించాక వచ్చిన మొదటి పెద్ద ఫిర్యాదు ఇదే. రిఫరీని తిట్టిన ప్రేక్షకులు ఒక సీజనంతా మైదానంలో అడుగుపెట్టకూడదు. ఆ నిబంధనా నాదే. మినహాయింపులు పెడదామని గోల్‌కీపర్ అంటే కొట్టేయించాను.

నివేదిక ప్రకారం, తూర్పు గ్యాలరీలో సిబ్బంది కుటుంబాలు కూర్చునే చోట ఎవరో పెద్దావిడ ఆటంతా నిలబడి, ముడిచిన గొడుగు రిఫరీకేసి చూపిస్తూ ఇలా అన్నారట:

"అన్నీ నీకే తెలుసు, మేమంతా నిన్న పుట్టాం."

"ఊపిరి పీల్చినా తప్పేనా నీకు? దానికీ ఓ చీటీ అంటించు."

"తుడిచిన గిన్నె మళ్ళీ తుడిచే మొహమూ నువ్వూనూ."

"నా కళ్ళజోడు ఎక్కడ పెట్టుకోవాలో కూడా నువ్వే చెప్పు."

కింద రిఫరీ తన గుండ్రటి చేతిరాతతో ఒక ముక్క కలిపాడు: "పై మాటలలో గిన్నెల ప్రస్తావన సందర్భానికి సంబంధించినది కాదని మనవి."

పాపం ఎవరో మతి చలించిన ముసలావిడ. ఇంట్లో వాళ్ళు ఎలా వేగుతున్నారో. ఆ కోడలెవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలి.

ఫిబ్రవరి 12, బుధవారం

చాలా ఇళ్ళలో గిన్నెలు మళ్ళీ తుడుస్తారు.

ఫిబ్రవరి 13, గురువారం

చీటీలు కూడా అంటిస్తారు. మా ఆఫీసులో లిఫ్టు పక్కన ఎన్ని లేవు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

కమిటీ కూర్చుంది. చదివాను. మూడో వాక్యంలో గిన్నె అన్న మాట మింగేశాను. జడ్జిగారు మంచినీళ్ళు తాగి మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇంకొక్కసారి, ఆ గిన్నెది" అన్నారు. కోర్టు మనిషి నవ్వితే ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు.

"నాకైతే ఇది రిఫరీని తిట్టినట్టు లేదండీ. ఇంట్లో ఎవరినో అంటున్నట్టుంది" అన్నాడు గోల్‌కీపర్.

"ఎవరినంటారు?" అన్నారు జడ్జిగారు.

"ఇంకెవరినండీ, కోడల్ని. మా అమ్మ కూడా మా ఆవిడని ఏమీ అనలేక కుక్కర్ మూత నేలకేసి కొట్టేది."

ఇద్దరూ నావైపు చూశారు, ఆడదాన్ని కదా, చెప్పగలనేమోనని. కోడళ్ళ గురించి నాకేం తెలుస్తుంది, మా ఇంట్లో అలాంటివి లేవు అన్నాను. ఆవిడెవరో తేల్చమని, పాసు నంబరు చూడమని గేటు దగ్గరివాళ్ళకి చెప్పారు. వచ్చే శుక్రవారం లోపు తేలుతుంది.

ఇంటికొచ్చి వంటింట్లో ఒక చీటీ పీకేశాను. రెండు నిమిషాల్లో అత్తయ్య దాన్ని తెచ్చి, "ఇది ఊడిపోయిందమ్మాయ్, మళ్ళీ అంటించనా?" అన్నారు. ఆ మొహంలో ఏమీ లేదు. తెల్లకాగితంలా ఉంది.

"ఆట బాగా జరుగుతోందా అత్తయ్యా?" అన్నాను.

"ఏముందమ్మా, గాలికి కూర్చుంటాను" అన్నారు.

ఫిబ్రవరి 15, శనివారం

వెళ్ళాను. ఆఫీసు పనిగా వెళ్ళాను. నిబంధనలు రాసేవాళ్ళు ఎప్పుడో ఒకసారి మైదానం చూడాలి కదా. మా ఆయన టోపీ ఒకటి కళ్ళ దాకా లాక్కుని గ్యాలరీలో బాగా పైన, ఒక స్తంభం వెనకాల కూర్చున్నాను.

అత్తయ్య ముందే వచ్చి ఉన్నారు. కింద మూడో వరుసలో ఎవరో ఆవిడ కోసం మెత్త వేసి ఉంచారు. ఇంకెవరో ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చారు. ఇంట్లో కప్పు కడిగి పెట్టే అత్తయ్య ఇక్కడ కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నారు. నా పక్కనున్న లావుపాటాయన, "పెద్దమ్మ ఇంకా మొదలెట్టలేదేం?" అని ముందువాణ్ణి గోకాడు. "మొదటి ఈల పడనీయవయ్యా" అన్నాడు వాడు.

మొదటి ఈల పడింది. పొడుగు రిఫరీయే. ఎవరో ఎవరినో తోశారు, ఈయన ఆపాడు. అత్తయ్య లేచారు. గ్యాలరీ మొత్తం కిమ్మనకుండా అయిపోయింది.

"తలుపు ఎప్పుడు తీశానో, ఎప్పుడు వేశానో నీకెందుకయ్యా లెక్క?"

ఆ గొంతు ఎవరిది? మా ఇంట్లో "అలాగేనమ్మా" అనే గొంతు కాదది. అవతలి గోలు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. జనం విరగబడి నవ్వారు. ఆవిడ గొడుగు రిఫరీకేసి చాచి, రెండో చేత్తో మెడ చుట్టూ ఉన్న గుడ్డ పట్టి లాగి చూపించారు.

"మెడకి గుడ్డ చుట్టుకోవాలట. చుట్టుకున్నాను. ఇంకా ఎక్కడెక్కడ చుట్టుకోమంటావో రాసి అంటించు."

రిఫరీ పాపం తన మెడ తడుముకున్నాడు.

నా పక్కనాయన పొట్ట పట్టుకుని నవ్వుతూ నా భుజం చరిచాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అనుమానిస్తారు. తల కొట్టేసినట్టయింది. అవన్నీ నేనే. ఇన్నాళ్ళూ ప్రతి శనివారం, ఇంతమంది ముందు, నా గిన్నెలూ నా చీటీలూ నా తలుపులూ. ఇంతమందీ నన్నెరుగుదురు, నా మొహం ఒక్కటే ఎరగరు.

ఇంకొకటి కూడా రాయాలి, రాయాలని లేదు గానీ. కూర్చున్నాక ఆవిడ నవ్వారు. తల వెనక్కి వాల్చి, పళ్ళన్నీ కనపడేలా. ఆ నవ్వు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

ఆట ఎవరు గెలిచారో తెలియదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

మా ఆయన్ని వంటింట్లో పట్టుకుని నిలదీశాను.

"మీ అమ్మ మైదానంలో ఏం చేస్తారో మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎలా?"

"నా దగ్గరికొచ్చే పేషెంట్లలో సగం మంది ఆ గ్యాలరీవాళ్ళే. నోట్లో నా చెయ్యి ఉన్నా సరే అమ్మ మాటలు చెప్పి నవ్వుతారు. ఒకాయన నవ్వి నవ్వి నా వేలు కొరికాడు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు చీటీ అంటిస్తావు" అన్నారు.

ఆ తర్వాత నేను ఆయనతో మాట్లాడలేదు. ఆయన గమనించినట్టు లేదు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఆ పాసు పోయిందని ఒక్క ముక్క రాసిస్తే సరిపోతుంది. ఎవరో దొరికించుకుని వాడుతున్నారని. నిజానికి ఈ మధ్య అది ఇంట్లో ఎక్కడా కనపడటం లేదు.

ఫిబ్రవరి 19, బుధవారం

కనపడింది. అత్తయ్య దిండు కింద ఉంది. పక్కనే మామయ్య పాత ఈల కూడా ఉంది, ఆయన కుర్రతనంలో రిఫరీట. నాకెవరూ చెప్పలేదు. నేనడిగానా అంటే, అడగలేదు.

దుప్పటి సరిచేయడానికే దిండు ఎత్తాను.

ఫిబ్రవరి 21, శుక్రవారం

గేటువాళ్ళ కాగితం ఇంకా రాకముందే చెప్పేశాను. "ఆ పాసు నాది. ఆవిడ మా అత్తయ్య."

జడ్జిగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. గోల్‌కీపర్ "అయితే ఆ గిన్నెలు..." అని ఆగిపోయాడు. మనిషికి అంత మర్యాద ఉందని ఇవాళే తెలిసింది.

న్యాయం కోసం చెప్పానని రాసుకుంటే చదవడానికి బాగుంటుంది. కోపంతో చెప్పాను. సీజనంతా ఇంట్లో కూర్చోనీ, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. సోమవారం విచారణ. అందులో నేను కార్యదర్శిని కాను, నిందితురాలి బంధువుని.

సాయంత్రం అత్తయ్యకి నోటీసు ఇచ్చాను. చదివారు. "అలాగేనమ్మా" అన్నారు.

ఫిబ్రవరి 24, సోమవారం

మాటల్ని పైకి చదవడానికి ఎవరూ లేరు. నేను చదవకూడదు. గోల్‌కీపర్ మొదలుపెట్టి రెండో పదానికే పకపకా నవ్వాడు. జడ్జిగారు రిఫరీని చదవమంటే, "నేను ఎవరి గిన్నెలూ తుడవలేదండీ, నా చేత ఇవి చదివించకండి" అన్నాడు, ఏడుపు గొంతుతో.

"ఇలా ఇవ్వండి బాబూ, నేనే చదువుతాను. మీరు చదివితే వాటి పస పోతుంది" అన్నారు అత్తయ్య. సంచీలో కళ్ళజోడు కోసం తడిమారు. లేదు. ఎప్పటిలాగే టీవీ పక్కన మరిచిపోయారు. ఎప్పటిలాగే నేను తీసి డబ్బాలో పెట్టి, డబ్బా తెచ్చాను. ఇచ్చాను. పెట్టుకున్నారు.

మొదటిది చదివారు. గది దద్దరిల్లింది. రెండోది చదివారు. మూడోది కూడా చదివారు, జడ్జిగారు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నారు. నాలుగోది ఆ కళ్ళజోడుది. నోరు తెరిచి, ఆగి, నావైపు చూశారు. కాగితం మడిచి బల్ల మీద పెట్టేశారు.

"ఇదీ నేనే అన్నాను. చదవక్కర్లేదు."

గోల్‌కీపర్ ముందుకి వంగాడు. "పెద్దమ్మా, ఒక్క సంగతి జాగ్రత్తగా వినండి. మా నిబంధన ప్రకారం రిఫరీని అంటేనే తప్పు. మైదానంలో కూర్చుని ఇంకెవరినో, అంటే ఇంట్లో వాళ్ళనో తిట్టుకున్నారనుకోండి, దానికి మేమేం చెయ్యలేం. మీరు వెళ్ళిపోవచ్చు, శనివారం మీ సీట్లో మీరు కూర్చోవచ్చు. ఇప్పుడు చెప్పండి, ఎవరిని అన్నారు?"

రిఫరీ కూడా తలూపాడు, ఆ మాట అనమ్మా అన్నట్టు.

ఒక్క మాట చాలు. కోడల్ని అన్నాను అంటే అయిపోతుంది. గదిలో అందరికీ తెలిసిందే, కుర్చీలకి కూడా తెలుసు. నేను తల దించుకుని ఆ మాట కోసమే చూస్తున్నాను.

"రిఫరీనేనండీ. ఇంకెవరిని అంటాను? మా ఇంట్లో నన్ను బాగానే చూసుకుంటారు" అన్నారు అత్తయ్య.

నేను లేచాను. "అయ్యా, అవి నన్ను..."

"కూర్చోండి. బంధువులు విచారణలో మాట్లాడకూడదు. ఏడో నిబంధన" అన్నారు జడ్జిగారు.

ఆ ఏడో నిబంధన కూడా నేను రాసిందే. కూర్చున్నాను. ఇంకాస్త సేపు నిలబడి ఉండాల్సింది.

సీజనంతా నిషేధం. అత్తయ్య సంతకం పెట్టి, పాసు బల్ల మీద పెట్టి, రిఫరీ దగ్గరికి వెళ్ళి, "ఏమనుకోకు నాయనా, నువ్వు బాగానే పరిగెడతావు, కాస్త ఎడమవైపు కూడా చూస్తుండు" అన్నారు. ఇంటికొచ్చి నేను స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. "నీళ్ళు వృథా చేయరాదు" అని కళ్ళెదురుగా నా చీటీయే ఉంది.

ఫిబ్రవరి 26, బుధవారం

చీటీలన్నీ పీకేశాను. గోడలకి జిగురు మరకలు మిగిలాయి. అత్తయ్య తడిగుడ్డతో మరకలు తుడుస్తున్నారు.

ఫిబ్రవరి 28, శుక్రవారం

క్షమించమని అడిగాను. "దేనికమ్మా?" అన్నారు. తెల్లకాగితం.

మార్చి 1, శనివారం

ఆట వేళయింది. అత్తయ్య వంటింటి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. టీవీ పెడతానంటే వద్దన్నారు. గొడుగు తలుపు వెనక వేలాడుతోంది. గొంతు శుభ్రంగా ఉంది, వారమంతా ఆ గొంతుకి పని లేదు. ఇలా ఒక సీజను గడిస్తే ఈ మనిషి ఏమైపోతుందో అని భయమేసింది.

ఆవిడ కడిగి, తుడిచి బోర్లించిన గిన్నెల్లోంచి ఒకటి తీశాను. అది అద్దంలా ఉంది, నాకు తెలుసు. ఆవిడ కళ్ళముందే నిలబడి తుడిచాను. చూసి, మొహం తిప్పుకున్నారు. రెండోది తీశాను. ఉలుకూ లేదు పలుకూ లేదు. మూడోది తీసి, వెలుగుకి పట్టి, ఊది మరీ తుడిచాను. కుర్చీ పక్కనున్న కళ్ళజోడు తీసి డబ్బాలో పెట్టి, టప్పున మూశాను. అప్పుడు ఆవిడ కుర్చీ చేతుల మీద వేళ్ళు బిగుసుకోవడం చూశాను.

"అత్తయ్యా, కుర్చీ కాస్త ఎడమకి జరపండి, దారికి అడ్డంగా ఉంది" అన్నాను.

లేచారు.

ఇక మిగతాది రాయాల్సిన పద్ధతిలో రాస్తున్నాను.

నివేదిక. స్థలం: వంటిల్లు. సమయం: ఆట మొదలయ్యే వేళ. పెద్దావిడ నిలబడి, తలుపు వెనక నుంచి గొడుగు తీసి కోడలికేసి చూపిస్తూ, పక్కింటి కిటికీలు తెరుచుకునేంత గట్టిగా అన్న మాటలు, అక్షరం పొల్లుపోకుండా:

"ఎన్నేళ్ళు తుడుస్తావే ఆ గిన్నె? నేను తుడిస్తే గిన్నె కాదా అది? నువ్వు రాకముందు ఈ ఇంట్లో మట్టి తిన్నామనుకున్నావా? పెట్టు కింద."

కోడలు గిన్నె కింద పెట్టింది. పెట్టి, గోడకి చేరగిలబడి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. పెద్దావిడ గొడుగు దించలేదు. కోడలి నోటి వెంట వచ్చిన మాట: "ఇంకా ఉన్నాయా అత్తయ్యా?" పెద్దావిడ సమాధానం: "బోలెడున్నాయి, కూర్చో." అప్పుడే క్లినిక్ నుంచి వచ్చిన కొడుకు గుమ్మంలోంచే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

నిందలు చాలాసేపు సాగాయి. మధ్యలో టీ విరామం. పెద్దావిడ గొంతు బొంగురుపోయింది.

సదరు మాటలు అన్నది రిఫరీని కాదు, కోడలిని. కాబట్టి ఏ నిబంధనా వర్తించదు. గిన్నెల ప్రస్తావన సందర్భానికి సంబంధించినదేనని మనవి.